చొక్కాకు కుట్టిన అడ్రసు

పొద్దున పొయ్యి దగ్గర నిలబడి చాయ్ ఎప్పుడు మరుగుతుందా అని చూస్తుంటే ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. శ్రీలంక నుంచి. ఎవరి ఒళ్లోనో పరిచిన నీలం జాకెట్టు, లోపలివైపు పైకి తిప్పి ఉంది. మెడపట్టీ కింద ఎర్రదారంతో కుట్టిన ఐదు వరుసల అక్షరాలు. ఉతికి ఉతికి ఆ ఎరుపు ఇటుకరంగుకు దిగింది గానీ ఒక్క కుట్టు కూడా ఊడలేదు. పై మూడు వరుసలూ సింహళం, అందులో నాకు ఒక్క ముక్క చదవరాదు. కుట్టింది మాత్రం నేనే. ఫొటో కింద రాసిన మాట చదివేలోపు చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. సిరిసిల్లలో మా ఇంటి గోడను ఆనుకునే సాంచాల షెడ్డు ఉంది. పొద్దున ఆరింటికి మరమగ్గాలు మొదలయ్యాయంటే ఇక ఇంట్లో ఎవరు ఏడ్చినా, ఎవరు నవ్వినా పక్కగదికి వినపడదు. ఈ ఊళ్లో ఇన్నేళ్ల నుంచి ఉంటున్నా, ఆ చప్పుడు మంచిదే అని ఇవాళే అనుకున్నాను.

నేను గవర్నమెంటు బడిలో కుట్టు టీచర్ని. రెండేళ్ల కింద ఎండాకాలం సెలవుల్లో ఆరు వారాలు శ్రీలంక వెళ్లి, సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పి వచ్చాను. జీతం లేదు. ఉండటానికి ఇల్లు, మూడు పూటల తిండి వాళ్లవి, దారిఖర్చు మనది. పొద్దున పని, మధ్యాహ్నం నుంచి మన ఇష్టం, బస్సెక్కి దేశం చూసుకోవచ్చు. ఇలాంటి ఏర్పాటు ఒకటుందని మా బడి సైన్సు టీచరు కూతురు ఫోనులో చూపించినప్పుడు అందులో ఇంకా చాలా దేశాలున్నాయి. మంచి మంచి బొమ్మలూ ఉన్నాయి. శ్రీలంక కనబడ్డాక నేను ఇంకోటి చూడలేదు. దానికి కారణం నలభై ఏళ్ల నాటిది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేను పుట్టి పెరిగిన జగిత్యాల, కోరుట్ల వైపు బయటి దేశం పోవడం అంటే ఒక్కటే అర్థం. ఏజెంటు, వీసా, కంపెనీ, క్యాంపు. ఇవేవీ లేకుండా ఓ మనిషి విమానం ఎక్కుతుందంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. కోరుట్ల బస్టాండులో మా మేనత్త కనబడి ఏ కంపెనీ అని అడిగింది. కంపెనీ లేదన్నాను. జీతమెంత అంది. జీతం లేదన్నాను. ఆమె నన్ను సోడాబండి పక్కకు తీసుకుపోయి, ఆ ఏజెంటు పేరు చెప్పమనీ, పోలీసుల్లో తనకు ఎరుకైనవాళ్లు ఉన్నారనీ మెల్లగా చెప్పింది. మేడిపల్లి పక్కన మా ఊళ్లో అమ్మ ఇంకా తిన్నగా అడిగింది. "జీతం లేకుంట పనిచేయనీకి గంత దూరం ఎందుకు బిడ్డా, గా పని ఇంట్ల లేదా?" దుబాయిలో పదిహేనేళ్లు చేసి వచ్చిన మా చిన్నమ్మ కొడుకు మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు. తిన్నగా పోయి అట్టపెట్టె తెచ్చి, మామిడికాయ తొక్కు, సకినాలు, దుప్పటి, నొప్పుల నూనె సర్ది, నైలాన్ తాడుతో నాలుగువైపులా బిగించి, పైన నా పేరూ ఊరూ జిల్లా బారెడు అక్షరాలతో రాశాడు. సూట్‌కేసు కొనుక్కున్నానని చెబితే, అది ఎవరైనా మార్చుకుపోతారని కొట్టిపారేశాడు. కొలంబో విమానాశ్రయంలో సముద్రస్నానాలకు వచ్చిన తెల్లవాళ్ల నడుమ తాడు కట్టిన అట్టపెట్టె నాదొక్కటే. మా ఆయన అడ్డు చెప్పలేదు. తనకు వంట వచ్చని నెల ముందు నుంచీ రోజూ చెప్పి నన్ను భయపెట్టాడు, అంతే.

ఇక ఆ నలభై ఏళ్ల నాటి సంగతి. మా నాన్న కల్లు గీసేవాడు. తాటిచెట్టుకూ తన నడుముకూ కలిపి మోకుతాడు వేసుకుని ఎక్కేవాడు, కల్లు నిండిన లొట్టి దింపుకుని వచ్చేవాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు వరుసగా వానలు లేక చెట్లు సరిగా పారలేదు. పారిన కాస్త కల్లు తాగడానికైనా ఊళ్లో మనుషులు లేరు. ఒకరి వెనక ఒకరు భీవండి మగ్గాలకో, దుబాయికో పోతున్నారు. అమ్మ బీడీలు చుట్టేది. చెట్లెక్కడం వచ్చినవాడికి అక్కడ ఖర్జూరం తోటల్లో పని దొరుకుతుందని ఏజెంటు చెబితే నాన్నా బయలుదేరాడు. ఆయనకు అక్షరం రాదు. అప్పట్లో పోయేవాళ్లంతా పెట్టె మీద అడ్రసు రంగుతో రాయించుకునేవాళ్లు. మేమూ రాయించాం. అమ్మ ఆ పెట్టెను చాలాసేపు చూసి, "పెట్టె మీద రాస్తే పెట్టె ఇంటికస్తది. మనిషి మీద రాస్తే గద మనిషి అచ్చేది," అంది.

ఆ పని నా మీద పడింది. బడిలో అప్పుడే కాడకుట్టు నేర్పారు. నాన్న రెండు చొక్కాలకు లోపలివైపు, మెడ కింద, ఇంగ్లీషులో అడ్రసు కుట్టాలి. చిక్కు ఏమిటంటే ఇంగ్లీషు వాచకంలో ఉత్తరం రాసే పాఠం మాకింకా రాలేదు. అడ్రసు అంటే ఇంటికి ఎట్లా రావాలో చెప్పడమే అనుకున్నాను. కోరుట్లలో దిగు. మేడిపల్లి బస్సు ఎక్కు. బియ్యం మిల్లు దగ్గర దిగు. కాలువ వెంట నడువు. కల్లు మనిషి ఇల్లు అని ఎవరినైనా అడుగు. నాకు వచ్చిన ఇంగ్లీషులో ఇంత దారినీ రెండు చొక్కాలకూ కుట్టాను. నాన్న చొక్కా తిప్పి, మళ్లీ తిప్పి చూసి, "నేనేమన్న ఉత్తరమా, నా మీద రాస్తున్నరు," అని నవ్వాడు. బయలుదేరేటప్పుడు తొడుక్కున్నది మాత్రం అందులో ఒకటే.

మొదటి నాలుగు నెలలు ఎవరితోనో రాయించిన ఉత్తరాలు వచ్చాయి. తర్వాత ఏడు నెలలు ఏమీ లేదు. తోటలో గొడవై కాగితాలు అక్కడే వదిలేసి బయటపడ్డాడని ఒకరు, పని వెతుక్కుంటూ వేరే ఊరు పోయాడని ఒకరు అన్నారు. అంతకుమించి ఎవరికీ తెలియదు. ఊళ్లో కొందరు అమ్మ గాజుల వైపు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఓ పెద్దమనిషి ఇంటికే వచ్చి, ఇంకా ఎన్ని రోజులు చూస్తావని అడిగాడు. అమ్మ బీడీల చాట ఒళ్లోంచి దించను కూడా దించకుండా, "మనిషి మీద రాసి పంపిన. అస్తడు," అంది. ఆ మాట విన్నప్పుడల్లా నేను లేచి పెరట్లోకి పోయేదాన్ని. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం పోస్టుమాన్ మా వాకిట్లో సైకిలు ఆపి, చేతిలో కవరును అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. "గిది అడ్రసా, కండక్టరుకు చెప్పే ముచ్చటనా?" అన్నాడు. కవరు మీద నేను కుట్టిన దారి మొత్తం, నా తప్పులతో సహా, ఎవరిదో గుండ్రటి చేతిరాతలో ఉంది. లోపల ఉన్న ఇంగ్లీషు ముక్కలు మా హెడ్మాస్టరు చదివి చెప్పాడు. ఈ చొక్కా మనిషి ఎండదెబ్బకు రోడ్డు మీద పడిపోతే దవాఖానకు తెచ్చారు. కాగితాలు లేవు. చాలా రోజులు మాట లేదు, ఇప్పుడు గంజి తాగుతున్నాడు. ఎవరైనా రండి. నేను ఇక్కడ నేల తుడిచేదాన్ని, శ్రీలంక నుంచి వచ్చాను, నాకూ పిల్లలున్నారు. దవాఖాన పేరు రాసింది గానీ తన పేరు రాయలేదు. అదే ఊళ్లో పనిచేస్తున్న మా పక్క మల్యాల ఊరి మనిషి ఒకతనికి కబురు పంపితే అతను పోయి నాన్నను పట్టుకున్నాడు. ఇంకో రెండు నెలలకు నాన్న చిక్కి సగమై ఇల్లు చేరాడు. ఆ చొక్కాను మేం భద్రంగా దాచుకున్నామని మీరు అనుకోవచ్చు. అమ్మ దాన్ని కల్లు వడగట్టడానికి వాడింది. పీలికలయ్యేదాకా వాడింది.

నాన్న మళ్లీ చెట్లెక్కాడు. కల్లు నోట పెట్టుకునే ముందు మా వాళ్లు కాటమయ్య పేరు తలుచుకుని నేల మీద రెండు చుక్కలు వదులుతారు. చెట్టు మీద మనిషిని కాసే దేవుడాయన. ఇంటికొచ్చిన నాటి నుంచి నాన్న రెండుసార్లు వదిలేవాడు. రెండోది ఎవరికని అడిగితే, "దవాఖాన్ల నేల తుడిసిన బిడ్డకు," అనేవాడు. పోయేదాకా ఒక్కరోజు తప్పలేదు. ఆమె దేశం పోయి నాలుగు రోజులు ఊరికే పని చేసి రావాలని నాకు ఎప్పుడో మనసులో పడింది. వీలు కావడానికి యాభై దాటాల్సి వచ్చింది.

దరఖాస్తులో మీ ఇంటివాళ్ల గురించి రాయమంటే నాన్న చేసిన పని రాశాను. అది చూసి నన్ను అక్కడ కల్లు గీసే వాళ్లింట్లో పెట్టారు. వాళ్లది కొబ్బరికల్లు. ఇంటాయన పొద్దున ఒక చెట్టెక్కితే మళ్లీ ఇరవయ్యో చెట్టు దగ్గరే దిగేవాడు. చెట్టుకూ చెట్టుకూ మధ్య పైన రెండు కొబ్బరితాళ్లు కట్టి ఉంటాయి, ఒకటి కాళ్లకు, ఒకటి చేతులకు. అంత ఎత్తున తాడు మీద నడుస్తూ, ఒక్కో చెట్టు దగ్గర ఆగి తన పని తాను చేసుకుపోతుంటే, నేను కింద మెడ పట్టేసేదాకా చూసేదాన్ని. నాన్న చూసి ఉంటే ముందు నవ్వేవాడు, తర్వాత నేర్పమని వెంటపడేవాడు.

ఇంటామెను అక్కా అని పిలిచాను. వాళ్ల భాషలోనూ అక్కను అక్క అనే అంటారు. ఆమె నన్ను నంగీ అంది, అంటే చెల్లి. ఆమె ఒకప్పుడు అరబ్బుల ఇంట్లో పనిచేసి, అక్కడి వంటవాళ్ల దగ్గర హిందీ పట్టుకుంది. నాది కోరుట్ల బజారు హిందీ. ఆ రెండూ కలిపి మేం గంటల కొద్దీ మాట్లాడుకున్నాం. ఇక్కడ దాన్ని మా ఊరి మాటలోకి దింపి రాస్తున్నాను. ఇంటాయనతోనూ వాళ్ల కూతురితోనూ నా మాటలు అక్కే అటూ ఇటూ చెప్పేది. పొద్దున కుట్టుబడిలో నేను వాళ్లకు కాజాలు తీయడం, లైనింగు జాకెట్టు కత్తిరించడం నేర్పాను. వాళ్లు నాకు పొద్దుటి పూటే చేపలకూర తినడం నేర్పారు. మధ్యాహ్నాలు బస్సెక్కి పోయేదాన్ని. అక్కడి గవర్నమెంటు బస్సులూ ఎర్రగానే ఉంటాయి, కొడిమ్యాల బస్సులాగే కుదుపుతాయి. తేయాకు కొండలు చూశాను, పడుకున్న బుద్ధుణ్ణి చూశాను, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక చూశాను. కానీ నిజం చెప్పాలంటే నేను ఎక్కువగా చూసింది డెబ్బై దాటిన ఆడవాళ్లను. ప్రతి ముసలామెనూ ఈమేనా, ఈమేనా అనుకునేదాన్ని. బస్సులో ఒకామె ఏమిటట్లా చూస్తున్నావని కనుబొమ్మలెగరేస్తే దండం పెట్టాను. ఆమె సంచిలోంచి అరటిపండు తీసి నా చేతిలో పెట్టింది. తిన్నాను. ఆమె కాకపోతేనేం అనుకున్నాను.

రెండో ఆదివారం ఇంటాయన అప్పుడే దింపిన కల్లు గ్లాసులో పోసి నాకిచ్చాడు. టీచర్నయ్యాక మన దగ్గర నలుగురి ముందు తాగడం మానేశాను. అక్కడ నన్ను ఎరిగినవాళ్లు ఎవరున్నారని తీసుకున్నాను. తీసుకుని, అలవాటు కొద్దీ, వాళ్ల నున్నటి సిమెంటు వరండా మీద కాటమయ్యకు రెండు చుక్కలు వదిలాను. ఆ వెంటనే నాన్న వదిలే ఆ రెండోదీ వదిలాను. ఇంటాయన మొహం మాడిపోయింది. తాను కష్టపడి దింపింది పాడైందని నేను పారబోస్తున్నానని ఆయన అనుకున్నాడు. లేచి కొబ్బరితోటలోకి పోయాడు. అక్క కూడా ఆ పూట నాకు అన్నం పెట్టింది గానీ పలకరించలేదు. ఏం తప్పు చేశానో తెలుసుకునేసరికి సాయంత్రమైంది. అప్పుడు అదే వరండాలో వాళ్లను కూర్చోబెట్టి కాటమయ్య గురించి చెప్పాను. రెండో చుక్క ఎవరికో కూడా చెప్పాను. చొక్కా, దారి, కవరు, నేల తుడిచిన మనిషి, అన్నీ. ఇంటాయన లేచి పోయి ఇంకో గ్లాసు నింపుకొచ్చి, ముందు తానే నేల మీద వదిలాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

అక్క కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. "నా బిడ్డకు కుడతవా?" అంది.

వాళ్ల కూతురి ప్రయాణం గురించి నాకు అప్పటిదాకా పైపైనే తెలుసు. ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఇంకో ఇరవై రోజుల్లో గల్ఫుకు ఇంటిపనికి పోతోంది. రెండేళ్లదాకా తిరిగి రావడం ఉండదు. గ్యాసుబండకూ మందులకూ బారులు తీరి నిలబడిన రోజులను వాళ్ల ఊరు అప్పుడప్పుడే దాటుతోంది, ఇంటికొకరు చొప్పున బయటికి పోతున్నారు. తాను పడ్డ చోటికి కూతుర్ని పంపడం అక్కకు ఇష్టం లేదు, వద్దనే ధైర్యమూ లేదు. ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడుస్తూ ఉండేది. అది ఎందుకో నాకు ఆ సాయంత్రమే అర్థమైంది.

కూతురు నవ్వేసింది. తన దగ్గర ఫోనుందనీ, తానెక్కడున్నదీ అదే చెబుతుందనీ, ఒంటి మీద రాతలతో తిరగడానికి తానేమైనా పార్సిలా అనీ అంది. నాన్న అన్న మాటే, ఇన్నేళ్ల తర్వాత, ఇంకో భాషలో. అక్క నేల చూపులు చూస్తూ, "మొదటి దినమే ఫోను గుంజుకుంటరు. నాది గట్లనే గుంజుకున్నరు. నేను బతికున్నట్టు మూడు నెలలు ఇంట్ల ఎవలకు తెల్వది," అంది. ఆ పిల్ల తల్లి మొహం వైపు చూసిన చూపును బట్టి, ఈ సంగతి ఆమె వినడం అదే మొదటిసారని తెలిసింది. తర్వాత ఆ పిల్ల నా వైపు తిరిగింది. ఉత్తరాలు రాని ఆ ఏడు నెలలూ నువ్వేం చేశావని అడిగింది.

ఆ ప్రశ్న అంతకుముందు నన్నెవరూ అడగలేదు. అమ్మ అడగలేదు, నాన్న అడగలేదు. మా ఆయనకు చెప్పాలని నాకూ తోచలేదు. "నేను తప్పు కుట్టిన అనుకున్న," అన్నాను. ఎనిమిదో తరగతిలో అడ్రసు పాఠం వచ్చింది. అందులో పేరు, ఇంటి నంబరు, పోస్టు, జిల్లా ఉన్నాయి. బస్సు ఎక్కడం, కాలువ వెంట నడవడం ఎక్కడా లేవు. ఆ పాఠం చదివిన రోజు నుంచి నాకు ఒకటే భయం. నాన్న ఎక్కడో పడి ఉంటాడు, ఎవరో చొక్కా తిప్పి చూసి ఉంటారు, ఇది అడ్రసు కాదని వదిలేసి పోయి ఉంటారు, ఇదంతా నా వల్లే. అమ్మ "మనిషి మీద రాసి పంపిన" అని ఊరందరికీ చెబుతుంటే, రాసింది తప్పమ్మా అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఇది చెబుతూ చెబుతూ, యాభై దాటిన మనిషిని, వాళ్ల వరండాలో వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ పిల్ల లోపలికి పోయి నీలం జాకెట్టు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

అడ్రసు చెప్పమంటే అక్క పెన్ను పట్టుకుని ఆలోచనలో పడింది. వాళ్ల ఇంటికి నంబరు లేదు, వీధికి పేరు లేదు. చివరికి హిందీలో నాకూ చెబుతూ రాయసాగింది. "జంక్షన్ల దిగాలె. చేపలు తూచే షెడ్డు దాటాలె. రైలు పట్టాల పొంటి సముద్రం దిక్కు నడవాలె. కల్లు మనిషి ఇల్లంటే ఎవలన్న చెప్తరు." సూదిలోకి దారం ఎక్కిస్తున్నదాన్ని ఆగిపోయాను. సరిగా వినబడలేదని అబద్ధం చెప్పి, ఇంకోసారి చెప్పించుకున్నాను.

కార్బన్ కాగితం పెట్టి ఆ అక్షరాలను గుడ్డ మీదికి దించాను. మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి, కానీ ఏ సున్నా ఎక్కడ మూయాలో తెలియదు. అక్క పక్కనే కూర్చుని వేలితో చూపిస్తూ ఉండేది. ఆ మూడు వరుసలకు మూడు రోజులు పట్టింది. కింద రెండు వరుసలు ఇంగ్లీషులో కుట్టాను, ఈసారి తప్పుల్లేకుండా. అక్కడ సింహళం ఎవరు చదువుతారని అడిగితే, ఇంగ్లీషు ఆఫీసువాళ్ల కోసమని, నేల తుడిచే ప్రతి చోటా తమ ఆడవాళ్లు ఉంటారని, పై మూడు వరుసలూ వాళ్ల కోసమని అక్క చెప్పింది. పోయే రోజు ఆ పిల్ల నీలం జాకెట్టే తొడుక్కుంది. బస్సెక్కే ముందు చెయ్యి వెనక్కు పెట్టి, మెడ కింద తట్టి నాకు చూపించింది.

వారానికి నేనూ బయలుదేరాను. ఇంటాయన నా అట్టపెట్టెలో బెల్లం సర్ది మా చిన్నమ్మ కొడుకు కంటే గట్టిగా తాడు బిగించాడు. అక్క నా గుడ్డసంచి తెచ్చి ఇచ్చింది. లోపలివైపు అవే మూడు వరుసలు, వంకరటింకరగా, కుట్టు రాని చేత్తో కుట్టి ఉన్నాయి. నేను ఇంటికే పోతున్నాను కదా, నాకెందుకన్నాను. "నువ్వు తప్పిపోతే ఎవలన్న ఈడికి తోలుతరు," అంది. ఊరికి రాగానే అమ్మ ముందు అడిగింది ఆ దవాఖాన బిడ్డ దొరికిందా అనే. దొరకలేదన్నాను. "దొరకకుంటే ఏంది. ఆళ్ల ఊరు పోయి ఆళ్ల అన్నం తిని అచ్చినవ్ గద," అని బెల్లం ముక్క నోట్లో వేసుకుంది.

ఈ రెండేళ్లలో ఒకసారి యాభై రోజులు ఆ పిల్ల నుంచి కబురు లేదు. అప్పుడు అక్క రోజూ పొద్దున నాకు దండం పెట్టే చేతుల బొమ్మ ఒకటి పంపేది, నేను అదే తిరిగి పంపేదాన్ని. అంతకుమించి ఇద్దరికీ ఏమీ రాయబుద్ధి కాలేదు. బడిలో పిల్లలకు కాడకుట్టు నేర్పుతూ, ఏదో ఒక సున్నా మూయకుండా వదిలేశానేమో అని మధ్యలో ఆగిపోయేదాన్ని. యాభై ఒకటో రోజు కబురు వచ్చింది, ఫోను తిరిగి ఇచ్చారని. ఆ రోజు పిల్లలందరినీ గంట ముందే ఇంటికి పంపాను.

ఇవాళ ఫొటో కింద ఆ పిల్ల రాసింది రెండే మాటలు. ఇంటికొచ్చాను, దీన్ని ఎవరూ చదవలేదు. నాన్న చొక్కా చదివి ఇంటికి పంపినామెకు ఈ జన్మంతా దండం పెట్టినా తీరదు. ఒకరు చదవాల్సిన అవసరమే పడకుండా ఈ పిల్ల వాకిట్లో దిగిందంటే దారి పొడుగునా ఎందరు మంచిగా చూశారో, వాళ్లలో ఎవరి పేరూ నాకు తెలియదు. చాయ్ మళ్లీ పెట్టుకుని, తాగే ముందు వంటింటి గచ్చు మీద రెండు చుక్కలు వదిలాను, తర్వాత ఇంకో రెండు. మా ఆయన చూసి, కాలు జారుతుందని గుడ్డ తెచ్చి తుడిచాడు. ఆనాటి కవరు మా వాకిట్లోకి రావడానికి ఏడు నెలలు పట్టింది, ఇవాళ్టి ఫొటోకు క్షణం కూడా పట్టలేదు. నువ్వేమీ తప్పు కుట్టలేదే అని ఆ ఏడో తరగతి పిల్లతో నేను చెప్పగలగడానికి మాత్రం నలభై ఏళ్లు పట్టింది.